మంగళగిరికి మారుతున్నాం, ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?

ప్రశ్న: మాది సూర్యాపేట. పన్నెండేళ్లుగా హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటున్నాం. నాకు మంగళగిరిలోని ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సింగ్ ఆఫీసర్‌గా ఉద్యోగం వచ్చింది. జూన్‌లో చేరాలి. షిఫ్టు డ్యూటీలు. మావారిది సాఫ్ట్‌వేర్, ఇంటి నుంచే పని. పాప ఐదో తరగతిలోకి వస్తుంది. మా అత్తయ్యకు 68 ఏళ్లు, షుగరు, మోకాళ్ల నొప్పులు. ఆవిడ మాతోనే ఉంటారు. ఇంటి విషయంలో మూడు మాటలు నడుస్తున్నాయి. కుంచనపల్లి వైపు హైవే పక్కన లోన్ పెట్టి ఫ్లాటు కొందామని మావారు అంటున్నారు. రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాయి కాబట్టి నవులూరు వైపు వెంచర్‌లో ప్లాటు తీసుకుని ఇల్లు కట్టుకోమని మా అన్నయ్య పోరు. ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేమట. నాకేమో ముందు ఊళ్లో అద్దెకు దిగాలని ఉంది, కానీ పాత ఊళ్లో వీధులు ఇరుకని భయపెడుతున్నారు. అత్తయ్య ఏమీ అనడం లేదు. "మీరెక్కడంటే అక్కడే" అంటున్నారు. ఆవిడ భాష విని అక్కడివాళ్లు నవ్వుతారేమోనని మాత్రం ఒకసారి అన్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చివరి రెండు వాక్యాల దగ్గర ఎక్కువసేపు ఆగాను. మీరు డ్యూటీకి వెళ్తారు, పాప బడికి వెళ్తుంది, మీవారు గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. ఆ ఊళ్లో పగలంతా గడపాల్సింది అత్తయ్యగారు. ఇల్లు ఎవరిని చూసి ఎంచుకోవాలని నన్నడిగితే ఆవిణ్ని చూసి అంటాను. ఆవిడ చెప్పులేసుకుని, ఎవరి సాయం లేకుండా, ఓ పది నిమిషాలు నడిచి ఓ మనిషిని పలకరించి రాగలిగే చోటు చూడండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

అందుకని నా మాట ఇది: ఊళ్లోనే అద్దెకు దిగండి. కింది పోర్షన్ తీసుకోండి. ఒక ఏడాది పాటు ఏమీ కొనకండి.

మీ అన్నయ్యగారు చెప్పేది అబద్ధమేం కాదు. ఆ ప్రాంతం పెరుగుతోంది. కానీ అక్కడ పెరుగుదల ఒక్క తీరున రాలేదు. 2015 అక్టోబర్ 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగింది. ఆ రోజుల్లో చుట్టుపక్కల పొలాల్లో రాళ్లు పాతని ఊరు లేదు. 2019 తర్వాత పనులు ఆగిపోయాయి. 2025 మే 2న మళ్లీ మొదలయ్యాయి. మధ్యలో ఆ ఐదారేళ్లు నెలనెలా కంతులు కట్టుకుంటూ, అమ్ముదామంటే కొనేవాడు లేక, కట్టుకుందామంటే రోడ్డు లేక కూర్చున్నవాళ్లు నాకు బాగా తెలుసు. వాళ్లకు డబ్బు ఇరుక్కుపోయిందేమో గానీ ఉండడానికి ఇల్లు వేరే ఉంది. మీరలా కాదు, ఉండడానికే వస్తున్నారు. రేపు ధర పెరుగుతుందని కొన్న స్థలంలో ఇవాళ పాపకు స్కూలు బస్సు రాకపోతే ఆ పెరుగుదల మీకెందుకు?

ఈ ప్రాంతం నాకు తెలిసింది 2016లో. సచివాలయం వెలగపూడికి మారినప్పుడు మా ఇంట్లో ఒకరి ఉద్యోగంతో పాటు మేమూ సామాను సర్దుకుని వచ్చాం. అప్పుడు మాకు ఒక కొత్త ఇల్లు చూపించారు. పొలాల మధ్య వేసిన లేఅవుట్లో అందమైన డాబా, కొత్త సున్నం, గేటు ముందు రెండు కొబ్బరి మొక్కలు. వేసవి కాబట్టి మట్టి రోడ్డు గట్టిగా సిమెంటులాగే ఉంది. మధ్యవర్తి రెండు నెలల్లో తారు రోడ్డు పడుతుందన్నాడు. దిగిపోయాం. జులైలో మొదటి గట్టి వాన పడింది. తెల్లారి పాలకని బండి తీస్తే పది గజాలు కూడా పోలేదు. నల్లరేగడి మట్టి చక్రానికి, మడ్‌గార్డుకి మధ్య పట్టేసి టైరు తిరగడం మానేసింది. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆ వానాకాలం మొత్తం ఆవిడ ఆ గేటు దాటలేదు. చెప్పు పెడితే చెప్పు దిగబడిపోయేది. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలంటే ఆటో హైవే దగ్గరే ఆగిపోయేది. అక్కణ్నుంచి ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లం. ఇల్లు మంచిదే. గాలి, వెలుతురు, నీళ్లు అన్నీ ఉన్నాయి. ఆవిడ మాత్రం ఆ నాలుగు నెలల్లో సగమైపోయింది. పదకొండో నెలలో ఖాళీ చేసి ఊళ్లోకి మారాం.

నల్లరేగడి గురించి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు అంతగా పట్టదు. అక్కడ రాతి నేల. ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీసి కుంచించుకుపోతుంది. పునాది విషయంలో కక్కుర్తి పడితే గోడలు చీలతాయి. రేపెప్పుడైనా ఇల్లు కొనేటప్పుడు కిటికీల మూలల నుంచి ఏటవాలుగా దిగే పగుళ్లు ఉన్నాయేమో చూడండి. కొత్తగా లప్పం పెట్టి రంగేసిన చోట వేలితో తట్టి చూడండి.

ఇక మీ మూడు దారులు. కుంచనపల్లి, తాడేపల్లి వైపు హైవే పక్కన అపార్టుమెంట్లు బాగానే ఉంటాయి. లిఫ్టు, జనరేటరు, వాచ్‌మన్. మీవారికి నచ్చడంలో తప్పులేదు. ఆయన పనికి ఇంటర్నెట్ కావాలి, కరెంటు పోకూడదు. కానీ ఒక్కటి ఆలోచించండి. అత్తయ్యగారు నాలుగో అంతస్తు నుంచి లిఫ్టులో దిగి గేటు దాటితే ఎదురుగా ఉండేది 16వ నంబరు జాతీయ రహదారి. చెన్నై, కోల్‌కతా లారీలన్నీ దానిమీదే. కూరలు అవతలి పక్కన ఉంటే ఆవిడ దాటలేరు. బాల్కనీలో కూర్చుని లారీలు లెక్కపెట్టుకోవడమే అవుతుంది. అదే అపార్టుమెంటు సర్వీసు రోడ్డు నుంచి లోపలికి, పాత గ్రామం వీధుల్లోకి దారి ఉన్నదైతే నా అభిప్రాయం మారుతుంది. అలాంటిది అద్దెకు దొరికితే చూడండి. కొనడం మాత్రం ఇప్పుడు వద్దు.

ప్లాటు సంగతి అన్నయ్యగారికి ఇలా చెప్పండి: ఏడాది తర్వాత చూస్తాం, అప్పుడు నువ్వే తోడురా అని. ఆ రోజు వచ్చినప్పుడు సీఆర్డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) అప్రూవల్ కాగితాలు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు బ్రోషర్ మీద కాదు, ఆ సంస్థల వెబ్‌సైట్లలో చూసుకోండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో తప్పనిసరిగా చూడండి. దేవాలయ భూములు, ప్రభుత్వ భూములు ఆ జాబితాలో ఉంటాయి, వాటికి రిజిస్ట్రేషన్ జరగదు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, ఊరి లాయరుకు కాకుండా మీరు ఎంచుకున్న లాయరుకు చూపించండి. రాజధాని చుట్టూ కొత్త రోడ్లు చాలా వస్తున్నాయి, మీ సర్వే నంబరు ఏ రోడ్డుకైనా పోతుందా అని కూడా అడగాలి. "రోడ్డు ఫేసింగ్" అని అమ్మే స్థలం రేపు రోడ్డే కావచ్చు.

పెరిగే ఊళ్ల విషయంలో నేను గమనించిన సంగతి ఒకటుంది. పేరు ముందొస్తుంది, కాలువ తర్వాతొస్తుంది. 2021లో మంగళగిరి, తాడేపల్లి మున్సిపాలిటీలను, చుట్టూ ఉన్న పంచాయతీలను కలిపి కార్పొరేషన్ చేశారు. కాగితం మీద అంతా ఒకే నగరం. నడిచి చూస్తే ఒక వీధికి సిమెంటు రోడ్డు, మురుగు కాలువ, కుళాయి ఉంటాయి. దాని వెనక వీధిలో ఇంటి వెనక గుంటే మురుగు కాలువ. నీళ్లూ అంతే. మంగళగిరి ఎయిమ్స్ అంతటి ఆసుపత్రే పైపులైను నీళ్లు చాలక కొన్నేళ్లు ట్యాంకర్ల మీద నడిచింది. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఓనరును కాదు, పక్కింటావిణ్ని అడగండి: కుళాయి ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, మే నెలలో బోరు ఎండిందా, తాగడానికి క్యాన్ ఎవరు వేస్తారు? బోరు నీళ్లు సీసాలో పట్టి హైదరాబాద్‌ వెళ్లేలోపు ఏదైనా ల్యాబులో ఇవ్వండి. వీధికీ వీధికీ తేడా ఉంటుంది. ఒకచోట తియ్యటి నీళ్లు, మూడిళ్ల అవతల చవుడు.

వాన సంగతి మీకు ఇంకా ముఖ్యం. మీరు జూన్‌కి ముందే ఇల్లు చూసుకోవాలి కాబట్టి ఆ వీధిని తడిసినప్పుడు చూసే అవకాశం లేదు. 2024 ఆగస్టు 31 వాన, ఆ మర్నాటి వరదలు ఆ చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. కాబట్టి ఏ ఇంటికెళ్లినా "ఆ రోజు ఇక్కడ నీళ్లెంత వచ్చాయి?" అని అడగండి. ఆ రోజు గురించి అబద్ధం చెప్పాలన్నా ముఖం చెప్పనివ్వదు. ఇంకో పని కూడా చేయండి. మేము రెండో ఇల్లు చూసేటప్పుడు ముందుగది కొత్త రంగుతో మెరిసిపోతోంది. వంటింట్లో గ్యాస్ సిలిండరు జరిపి చూస్తే దాని వెనక గోడకు మోకాలెత్తున ఓ చార, టీ ఒలికి ఆరిపోయినట్టు. అక్కడి దాకా బ్రష్ వెళ్లలేదు. ఆ ఇంటికి అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేశాం. మీరూ బీరువాల వెనక, మెట్ల కింద, బాత్రూమ్ తలుపుల కింది అంచులు చూడండి. కొండను ఆనుకుని ఉన్న ఇళ్లు అద్దె తక్కువకి వస్తాయి. వాన రాత్రుల్లో మీరు డ్యూటీలో ఉంటారు, అత్తయ్య, పాప ఇంట్లో ఉంటారు. కొండకు, మీ ఇంటికి మధ్య కనీసం రెండు వీధులు ఉండనివ్వండి.

ఊళ్లో ఎక్కడ? గౌతమ బుద్ధ రోడ్డుకు రెండు మూడు వీధుల లోపల వెతకమంటాను. మరీ రథం వీధిలో వద్దు. ఫాల్గుణ మాసంలో లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలప్పుడు ఆ చుట్టుపక్కలకు బండి రాదు. రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోవాల్సిన మీకు కష్టం. కానీ గాలిగోపురం కనిపించేంత దూరంలో ఉంటే చాలా మేలు. పదకొండు అంతస్తుల గోపురం అది, సందుల్లో దారి తప్పినా తలెత్తితే దారి తెలుస్తుంది. పెద్దావిడకు కొత్త ఊళ్లో ఆ ధైర్యం తక్కువేం కాదు. కొండమీద పానకాల స్వామి దగ్గరికి మెట్లతో పాటు బండి వెళ్లే ఘాట్ రోడ్డు కూడా ఉంది. కింద లక్ష్మీనరసింహస్వామి గుడి మాత్రం ఊరి మధ్యలో, సమతలం మీద. మోకాళ్ల నొప్పులున్నా రోజూ సాయంత్రం వెళ్లి కాసేపు కూర్చుని రావచ్చు.

పాత వీధులు ఇరుకన్న మాట నిజమే. కారు పెట్టుకోవడం తలనొప్పి. కానీ ఆ ఇరుకులోనే అరుగులున్నాయి. చేనేతవాళ్ల ఇళ్లలో కొన్నిచోట్ల ఇంకా గుంటమగ్గం చప్పుడు వినిపిస్తుంది. మీవారు కాల్స్ మాట్లాడతారు కాబట్టి పక్కింట్లో మగ్గం ఉందేమో చూసుకుని, ఆ గోడకు దూరంగా ఉన్న గది ఆయనకివ్వండి. ఇంటర్నెట్‌కి ఆ వీధిలో కనీసం రెండు కంపెనీల లైన్లున్నాయో లేదో చూస్తే చాలు, ఒకటి పోతే ఇంకొకటి.

మీ డ్యూటీ గురించి. సాయంత్రం షిఫ్టు దిగేసరికి రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదో అవుతుంది. ఇల్లు చూడ్డానికి అందరూ ఆదివారం పొద్దున పది గంటలకు వెళ్తారు. మీరు రాత్రి తొమ్మిదికి కూడా ఒకసారి వెళ్లండి. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఆటో ఎక్కి ఆ వీధి మొదట్లో దిగండి. ఆటో దొరకడానికి ఎంతసేపైంది, ఎంత అడిగాడు, దిగిన చోటి నుంచి ఇంటిదాకా ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, ఏదైనా కొట్టు తెరిచుందా? దారిలో రైలు గేటుంటే అది పడినప్పుడు ఎంతసేపు ఆగాలో కూడా చూసుకోండి. విజయవాడ, గుంటూరు రెండు వైపులకూ బస్సులు బాగానే ఉంటాయి. మహిళలకు ఉచిత ప్రయాణం అక్కడా ఉంది, కానీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డులో ఆంధ్రప్రదేశ్ అడ్రస్ పడేదాకా మీకు వర్తించదు. అద్దె అగ్రిమెంటు చేతికి రాగానే ముందు ఆ పని చేయించుకోండి. మీ బండి తెలంగాణ నంబరుది కదా, ఏడాది దాటి అక్కడే ఉంచితే రిజిస్ట్రేషన్ మార్పించాలి. హైదరాబాద్ ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) బయల్దేరే ముందే అడిగితే మళ్లీ తిరగక్కర్లేదు.

పాప విషయంలో మీరు అడగని ప్రశ్న ఒకటుంది, అది పెద్దది. ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సుల్లో లోకల్ ఎవరన్నది ఇంటర్ దాకా చివరి నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు, వరుసగా ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి చూస్తారు. పాప ఇప్పుడు ఐదు. అంటే మీకు ఇంకా నాలుగేళ్ల టైముంది. అక్కడే ఉండిపోతారా, హైదరాబాద్ తిరిగొస్తారా అన్నది పాప తొమ్మిదిలోకి వచ్చేలోపు తేల్చుకోండి. మధ్యలో పదో తరగతిలో మారిస్తే ఇటూ అటూ కాకుండా పోయే ప్రమాదం ఉంది. ఇప్పటి స్కూల్ నుంచి టీసీతో పాటు ప్రతి తరగతికీ స్టడీ సర్టిఫికెట్ అడిగి తీసుకుని భద్రంగా పెట్టండి. ఇప్పుడే ఫ్లాటు కొనేసి ఇరవై ఏళ్ల లోన్‌లో కూర్చుంటే ఈ నిర్ణయం కూడా ఆ లోనే తీసుకుంటుంది. కొనొద్దని నేననడానికి ఇది ఇంకో కారణం. బడి మాత్రం ఇంటికి దగ్గర్లోదే చూడండి. పేరున్న బడి కోసం హైవే మీద రోజూ గంటన్నర బస్సులో తిప్పకండి, ఐదో తరగతి పిల్లకు ఆ గంటన్నర ఆట కావాలి.

ఇక అత్తయ్యగారి భయం. ఆవిడ "గా ఇంటికి", "ఎటు పోతున్నవ్" అంటే మొదటి వారం వీధిలో పిల్లలు తిరిగి చూస్తారు, దాచడమెందుకు. కూరలమ్మి మాత్రం రెండో రోజే "మీదేవూరు పెద్దమ్మా?" అని అడుగుతుంది. అక్కడి నుంచి మాట నడుస్తుంది. మా అమ్మది వరంగల్ మాట. ఊళ్లోకి మారిన ఏడు బతుకమ్మ రోజుల్లో గునుగు పువ్వు దొరక్క, బంతి, చామంతులతో చిన్న బతుకమ్మను పేర్చి అరుగు మీద పెట్టుకుని ఒక్కతే కూర్చుంది. మేం ఏమనాలో తెలియక లోపలే ఉన్నాం. ఎదురింటావిడ వచ్చి "ఇదేంటండీ, ఇంత బాగుంది" అని పక్కనే చతికిలబడింది. కాసేపటికి మరో ముగ్గురు. పాట ఎవరికీ రాదు. అమ్మ పాడుతుంటే చప్పట్లు కొట్టారు. తర్వాతి ఏడు వాళ్లే పూలు తెచ్చారు. హైవే పక్కన నాలుగో అంతస్తులో ఇది జరగదని అనను, కానీ అరుగు మీద జరిగినంత తేలిగ్గా జరగదు.

ఇంకో మాట ఆవిడకు చెప్పండి. సూర్యాపేట హైదరాబాద్‌కీ విజయవాడకీ దాదాపు నడిమధ్యన ఉంది. అదే విజయవాడ రోడ్డు, ఇన్నాళ్లూ ఒక కొస నుంచి వెళ్లేవారు, ఇకమీదట ఇంకో కొస నుంచి వస్తారు. కృష్ణ దాటిన కాస్త దూరం కలుస్తుంది, అంతే. ఇది విన్నాక ఆవిడ ముఖం ఎలా ఉందో నాకు రాయండి.

మే నెలలో వెళ్లి రెండు మూడు ఇళ్లు చూడండి. అగ్రిమెంటు పదకొండు నెలలకే రాయించండి, అడ్వాన్స్ రెండు మూడు నెలల అద్దె మించనివ్వకండి, ఖాళీ చేస్తే ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో అందులోనే రాయించండి. ఆ డబ్బు ఇచ్చే ముందు ఒక్క పూట అత్తయ్యగారిని వెంట తీసుకెళ్లండి. ఇల్లు ఎలా ఉందని అడక్కండి, "మీ ఇష్టం" అంటారు. ఎండ తగ్గాక ఆ గుమ్మం నుంచి గుడిదాకా ఆవిడతో నడవండి. చెయ్యి పట్టుకోకండి, ఒక అడుగు వెనక ఉండండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ గోడ పట్టుకున్నారో, ఎవరితో మాట కలిపారో చూడండి. తిరిగొచ్చేటప్పుడు ముందు నడుస్తూ దారి ఆవిడే చూపిస్తే, ఆ ఇంటికే అడ్వాన్స్ ఇవ్వండి.